సినిమా బయటి తెలుగు పాట: స్వతంత్ర సంగీతకారులు పాట కట్టే తీరు

సినిమా నిర్మాత అడిగినందుకో, రికార్డింగు కంపెనీ పురమాయించినందుకో కాక తనకు తోచి పాట కట్టి జనంలోకి పంపే కళాకారుణ్ణి స్వతంత్ర సంగీతకారుడు అంటున్నారు. తెలుగులో ఈ పేరు ఈమధ్యే వాడుకలోకి వచ్చింది గానీ పని చాలా పాతది. తాళ్లపాక వారి సంకీర్తనలు, ఊరి భజన మందిరాల్లోని తత్వాలు, తెలంగాణ రైతాంగ పోరాటంలో పుట్టిన పాటలు, ఆకాశవాణి లలిత గీతాలు, ఇవాళ్టి యూట్యూబు జానపదాలు అన్నీ ఈ కోవలోవే. వీటి మధ్య భాషలో, భావంలో, వాద్యాల్లో ఎంత దూరం ఉన్నా కట్టే పద్ధతిలో ఒక పోలిక కనిపిస్తుంది. మాట, వరస, గొంతు మూడూ ఒకేచోట, చాలాసార్లు ఒకే మనిషి దగ్గర తేలతాయి. మాట కోసం వరసను వంచుకోవచ్చు, వరస కోసం మాటను మార్చుకోవచ్చు. ఆ నిర్ణయానికి మరొకరి అనుమతి అక్కర్లేదు. స్వతంత్ర రచనలోని బలమంతా ఇక్కడే ఉంది. ఈ వెసులుబాటును వాడుకోని పాట సినిమా బయట పుట్టినా సినిమా పాటలాగే వినిపిస్తుంది.

మాతువు, ధాతువు

13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు రాసిన సంగీత రత్నాకరం పాటలోని మాటను మాతువు అని, స్వర రచనను ధాతువు అని వేరుచేసి చెప్పింది. రెండింటినీ తానే కూర్చగలవాణ్ణి వాగ్గేయకారుడు అన్నారు. తెలుగు దేశంలో ఈ పదానికి అన్నమయ్య, క్షేత్రయ్య, రామదాసు, త్యాగయ్యల వల్ల భక్తి వాసన పట్టింది. నిజానికి అది ఒక వృత్తి నైపుణ్యాన్ని చెప్పే పదం. అందుకే గద్దర్‌నీ గోరటి వెంకన్ననీ ప్రజా వాగ్గేయకారులు అనడానికి ఎవరూ సంకోచించలేదు.

అన్నమయ్య (1408–1503) పాట కట్టడం గురించి శాస్త్రం కూడా రాశాడు. సంస్కృతంలో ఆయన రాసిన సంకీర్తన లక్షణం ఇప్పుడు దొరకదు. మనుమడు చిన తిరుమలాచార్యుడు దాన్ని తెలుగు పద్యాల్లోకి మార్చడం వల్ల ఆ విషయం మనకు మిగిలింది. తెలుగులో పాట రచన గురించి వచ్చిన తొలి గ్రంథాల్లో అదొకటి. అన్నమయ్య ఆచరణ దానికన్నా ఆసక్తికరం. జాజర, సువ్వి, లాలి, ఏల, గొబ్బి, ఉయ్యాల, చందమామ వంటి ఊరి పాటల పద్ధతుల్ని ఆయన నేరుగా తీసుకుని వాటిలో తన భావం నింపాడు. రోకటి పోటుకు, ఉయ్యాల ఊపుకు అలవాటుపడిన జనం నోటికి పాట సులువుగా పట్టడానికి అదొక ఉపాయం. ఐదు వందల ఏళ్ల తర్వాత ఉద్యమ కవులు చేసిందీ ఇదే.

మాతువు, ధాతువు ఒకే మనిషి దగ్గర పుట్టినా వాటి ఆయుష్షు ఒకటి కాదు. తిరుమలలో దొరికిన రాగి రేకుల మీద సంకీర్తనల సాహిత్యం ఉంది, పైన రాగం పేరు ఉంది, స్వరం మాత్రం లేదు. అన్నమయ్య పాడిన వరసలు పోయాయి. ఇవాళ మనం వింటున్నవి రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణ ప్రసాద్ వంటి వారు 20వ శతాబ్దంలో కూర్చినవి. త్యాగయ్య (1767–1847) కృతులకు ఈ గతి పట్టలేదు. వాలాజాపేట, ఉమయాల్పురం, తిల్లైస్థానం శిష్యులు వాటిని గొంతులో నిలిపారు. రాత మాటను కాపాడుతుంది, వరసను కాపాడేది గొంతే. రికార్డింగు వచ్చేదాకా పాట కట్టేవాళ్లంతా ఈ పరిమితిలోనే పనిచేశారు.

చివరి చరణంలో పెట్టే ముద్ర కూడా రచనలో భాగమే. వేంకటేశుడి పేరు వినబడితే అన్నమయ్య, మువ్వగోపాలుడి పేరు వినబడితే క్షేత్రయ్య. రచయిత పేరు రాసిపెట్టే కాగితం లేని చోట పాటే తన కర్తను మోసుకెళ్లే ఏర్పాటు అది.

వరస ముందా, మాట ముందా

సినిమాలో ఇటీవలి దశాబ్దాల పద్ధతి అందరికీ తెలిసిందే. దర్శకుడు సందర్భం చెబుతాడు. సంగీత దర్శకుడు ట్యూను కట్టి, దాన్ని తననాలతోనో డమ్మీ మాటలతోనో పాడి కవికి పంపుతాడు. కవి ఆ కొలతకు మాటలు పొదుగుతాడు. గొప్ప పాటలు ఈ దారిలోనూ వచ్చాయి. కానీ కవికి ఎక్కడైనా ఒక్క అక్షరం చాలకపోతే మారాల్సింది మాటే, ట్యూను కాదు.

స్వతంత్రంగా కట్టేవాళ్లలో ఎక్కువమంది ఊళ్లో ఉన్న వరసతో మొదలుపెడతారు. బతుకమ్మ పాట వరస, ఒగ్గు కథ వరస, భజన వరస, నాట్ల పాట వరస. తెలంగాణలో దీన్ని పాట కైగట్టడం అంటారు. తెలిసిన దరువు మీద అప్పటికప్పుడు మాటలు అల్లుకుంటూ పోవడం అన్నమాట. పాత పాటల పుస్తకాలు తిరగేస్తే ఒక్కో పాట పైన ఫలానా పాట వరస అని అచ్చువేసి ఉంటుంది. భజన కీర్తనల పుస్తకాల్లోనూ, సభల్లో అమ్మిన చిన్న చిన్న ఉద్యమ పుస్తకాల్లోనూ ఇదే ఏర్పాటు. స్వరలిపి తెలియని పాఠకుడికి పాట అందించడానికి ఇంతకు మించిన సాధనం లేదు. కొత్త పాటను అప్పటికే తెలిసిన పాట మోసుకొస్తుంది.

మాట ముందు పుట్టేది కవుల దారి. కవిత రాసుకుని, దాని నడకలోంచే వరస లాగుతారు. మూడోది కూనిరాగం దారి. నోటికొచ్చిన శబ్దాలతో పాడుకుంటూ పోయి, ఆ శబ్దాలకు దగ్గరగా ఉండే మాటలు తర్వాత వెతుక్కుంటారు. పడమటి దేశాల స్వతంత్ర గాయకుల్లో ఇది బాగా ఉంది. బాన్ ఐవర్ పేరుతో పాడే అమెరికన్ గాయకుడు జస్టిన్ వెర్నన్ 2006–07 చలికాలంలో విస్కాన్సిన్ అడవిలో తండ్రి వేట గుడిసెలో ఒంటరిగా ఉండి రికార్డు చేసుకున్న తొలి ఆల్బమును ఎక్కువగా ఇలాగే కట్టాడు. అర్థం లేని అక్షరాలు పొరలు పొరలుగా పాడి, వాటిలో వినబడిన శబ్దాన్ని బట్టి మాటలు రాసుకున్నాడు.

తెలుగులో ఈ మూడో దారి నడవడం కష్టం. ఇంగ్లీషులో మాట ఏ అక్షరం మీద ఒత్తు పడుతుందన్నదాని మీద నడుస్తుంది. తెలుగులో హ్రస్వ దీర్ఘాలే అర్థాన్ని నిర్ణయిస్తాయి. స్వరం సాగిన చోట హ్రస్వం వస్తే గాయకుడు దాన్ని సాగదీయక తప్పదు, సాగదీస్తే అది వేరే మాట అయిపోతుంది. మనసు అనే అర్థంలో మది అని రాస్తే, నిలిపి పాడే స్వరం మీద అది మాది అని వినబడుతుంది. కల కాస్తా కాల అవుతుంది. ముందు కూనిరాగం స్థిరపడిపోయి తర్వాత మాటలు వెతుక్కునే యువ గాయకుల పాటల్లో వినేవాడికి మాట అందకపోవడానికి ఎక్కువసార్లు కారణం గాయకుడి ఉచ్చారణ కాదు. సాగే స్వరం కింద సాగని అక్షరం పడటమే.

జానపదం ఈ చిక్కును ఎప్పుడో తేల్చుకుంది. సాగదీయాల్సిన చోటంతా పాదం చివరికి నెట్టి, అక్కడ సాగడానికే పుట్టిన మాటల్ని పెట్టింది. బతుకమ్మ పాటల్లో ప్రతి పాదం చివరా వచ్చే ఉయ్యాలో, మరికొన్నిటిలో వచ్చే వలలో, గోండు, కోయ పాటల ఛాయతో వచ్చిన రేలా ఇలాంటివి. వాటికి పాట కథలో పనిలేదని కొందరు అనుకుంటారు. పాటకు ఊపిరి పీల్చుకునే చోటు వాటివల్లే దొరుకుతుంది. పాడే మనిషి తర్వాతి పాదం గుర్తుచేసుకునే వ్యవధి కూడా అదే.

మాత్రల లెక్క

ఛందస్సు చదవని జానపద కవికి గణాల పేర్లు తెలియకపోవచ్చు. మాత్ర మాత్రం కాలికి తెలుసు. లఘువుకు ఒకటి, గురువుకు రెండు. చతురశ్ర గతి నాలుగేసి మాత్రలతో, త్రిశ్రం మూడేసితో, ఖండం ఐదుతో, మిశ్రం మూడు నాలుగు కలిసిన ఏడుతో నడుస్తాయి. గురజాడ 1910లో ముత్యాల సరాలతో సాహిత్యంలోకి తెచ్చింది ఈ ఏడు మాత్రల నడకనే. అది అంతకుముందే జనం పాటల్లో ఉంది.

ఈ వ్యాసం కోసం కట్టిన రెండు పాదాలతో పని ఎలా జరుగుతుందో చూడవచ్చు.

చెరువు గట్టున చింత నీడలు
పొద్దు వాలితె ఇంటి దారులు

చెరువు మూడు మాత్రలు, గట్టున నాలుగు. చింత మూడు, నీడలు నాలుగు. రెండో పాదమూ అంతే. మిశ్ర గతిలో గతుకు లేకుండా సాగుతుంది. ఇప్పుడు చెరువు బదులు నది కావాలనిపించిందనుకుందాం. నది ఒడ్డున అంటే మొదటి గణంలో ఒక మాత్ర తగ్గుతుంది. పాడేవాడు నదీ అని దీర్ఘం తీస్తాడు, చెవికి అది ఎబ్బెట్టుగా తగులుతుంది. ఏటి ఒడ్డున అంటే లెక్క సరిపోతుంది, పైగా మాట ఊరి మాట. పాట కట్టేవాడి నిఘంటువులో ఒకే అర్థానికి రెండు మూడు మాత్రల కొలతల్లో మాటలు సిద్ధంగా ఉండాలనేది ఇందుకే.

ప్రాస సంగతి ఇంకా సున్నితం. నీడలు, దారులు రెండూ లు అక్షరంతో ముగుస్తున్నాయి కాబట్టి అంత్యప్రాస కుదిరినట్టే. అయితే ఆ లు బహువచన ప్రత్యయం. తెలుగులో విభక్తులూ క్రియా ప్రత్యయాలూ మాట చివరే చేరతాయి గనక ఇలాంటి ప్రాస అడక్కుండానే దొరుకుతుంది. అడక్కుండా దొరికేది చెవికి ఆనదు. మంచి పాటగాడు ప్రాసను ప్రత్యయం దాటించి మాట మొదట్లోకి తీసుకెళతాడు. రెండో పాదం చివర మట్టి గోడలు అని మారిస్తే నీడలతో ప్రాస బలంగా పడుతుంది, కానీ సాయంత్రం ఇంటికి మళ్లే మనిషి పాటలోంచి వెళ్లిపోతాడు. అందుకని మొదటి పాదమే మార్చాలి.

చెరువు గట్టున చింత బారులు
పొద్దు వాలితె ఇంటి దారులు

బారులు, దారులు. మాత్రలు తప్పలేదు, అర్థం చెడలేదు, చింత చెట్ల వరుస కూడా కళ్లకు కట్టింది. ప్రాస కోసం భావాన్ని బలిచేయకుండా, ఎదుటి పాదాన్ని సవరించి రెండూ నిలబెట్టుకోవడమే ఇక్కడి పనితనం. పాట రాస్తున్నామని చెప్పుకునే వాళ్లలో చాలామంది ఈ రెండో ప్రయత్నం దాకా రారు.

పల్లవి, వంత

సభలో పాడే పాటకు పల్లవి ఒక్కసారి వినగానే జనం నోటికి రావాలి. నాయక గాయకుడు పాదం ఎత్తుకుంటే వంతలు అందుకుంటారు, రెండో విడతకు సభ అందుకోవాలి. అందుకోకపోతే తప్పు పల్లవిదే. కాగితం మీద అందంగా ఉన్న పల్లవి మైదానంలో పడిపోవడం ఈ పాటగాళ్లందరికీ తెలిసిన అనుభవం. అందుకే వీళ్ల పాట ఒక్కసారిగా పూర్తికాదు. ఒక ఊళ్లో పాడి, ఏ మాట దగ్గర జనం తడబడ్డారో చూసి, తర్వాతి ఊరికి మారుస్తారు.

రాసుకోకుండా గుర్తుంచుకునే పాటకు కట్టుబాట్లు వేరుగా ఉంటాయి. ప్రతి చరణం ఒకే మాటతో మొదలవడం, ప్రశ్న–జవాబుగా సాగడం, నెలల పేర్లో చుట్టరికాలో వరసగా చెప్పుకుపోవడం ఇవన్నీ జ్ఞాపకానికి ఆసరాలు. చరణాలు విడివిడి గదుల్లా ఉంటాయి. సమయం లేకపోతే రెండు వదిలేయవచ్చు, కొత్త సంఘటన జరిగితే ఒకటి చేర్చవచ్చు. అచ్చయిన పుస్తకంలో అదే పాట ఒక్కో ముద్రణలో ఒక్కో నిడివితో కనిపించడానికి కారణం ఇదే.

ఉద్యమాల పాటగాళ్లు

ఆధునిక కాలంలో స్వతంత్ర పాట రచనకు తెలుగులో అతి పెద్ద బడి ప్రజా ఉద్యమాలే. 1943లో ఏర్పడిన ప్రజా నాట్యమండలి బుర్రకథను, జానపద వరసలను రాజకీయ ప్రచారానికి వాడుకుంది. షేక్ నాజర్ బుర్రకథ ఆ కాలపు శిఖరం. రైతాంగ పోరాటంలో సుద్దాల హనుమంతు, బండి యాదగిరి కట్టిన పాటలు పోరాటం ముగిశాక కూడా నోళ్లలో బతికి, మూడు దశాబ్దాల తర్వాత గౌతమ్ ఘోష్ తీసిన మా భూమి సినిమాలోకి వచ్చాయి. యాదగిరి పాటను అందులో గద్దర్ పాడాడు. సినిమా పాట బయటికి రావడం మామూలు. ఇక్కడ బయటి పాట సినిమాలోకి వెళ్లింది.

1972లో మొదలైన జననాట్య మండలి ఈ పద్ధతిని ముందుకు తీసుకుపోయింది. గద్దర్ (1949–2023) గొంగడి, కర్ర, గజ్జెలతో వేదిక ఎక్కి పాట మధ్యలో ఆగి మాట్లాడి, మళ్లీ దరువులోకి వచ్చేవాడు. ఆ మాటలు కూడా రచనలో భాగమే. పుస్తకంలో చరణాలు మాత్రమే చదివినవాళ్లకు ఆ పాటలో సగం కూడా అందదు. వంగపండు ప్రసాదరావు (1943–2020) విశాఖ షిప్‌యార్డులో పనిచేసిన మనిషి. యంత్రం ఎలా నడుస్తుందో కార్మికుడి నోట చెప్పించిన ఆయన పాటలో యంత్ర భాగాల పేర్లు అలంకారంగా రావు, పనిచేసిన చేతికి తెలిసినట్టు వస్తాయి. ఉత్తరాంధ్ర యాస, జముకుల కథ నడక ఆయన సొంత గుర్తులు. తెలంగాణ డప్పు మీద కట్టిన పాటకూ, జముకు మోత మీద కట్టిన పాటకూ పాదం నిడివే వేరుగా ఉంటుంది.

గోరటి వెంకన్న దగ్గర పనితనం మరో మెట్టు ఎక్కింది. పల్లె కన్నీరు పెడుతుందో అన్న పాటలో చరణానికి కొన్ని చేతివృత్తుల చొప్పున తీసుకుని, ఒక్కో వృత్తి ఎలా చితికిందో వాళ్ల పనిముట్ల పేర్లతో చెబుతాడు. ప్రపంచీకరణ గురించి వ్యాసాలు ఎన్నో వచ్చాయి. ఆ పాట చేసినంత పని అవి చేయలేదని చెప్పడానికి సందేహించనక్కర్లేదు. కుమ్మరి వామి, కమ్మరి కొలిమి అంటూ ఎవరి ఇంటి ముచ్చట వాళ్లకు వినిపించింది కాబట్టే అది జనంలో నిలిచింది. 2002లో కుబుసం సినిమాలోకి కూడా వెళ్లింది. ఆయన పాటల సంపుటి వల్లంకి తాళానికి 2021లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. గొంతుతో బతికే పాటను సాహిత్యంగా గుర్తించిన సందర్భాల్లో అది ముఖ్యమైనది.

బడి చదువు లేకుండానే ఎదిగిన అందెశ్రీ (1961–2025) రాసిన జయ జయహే తెలంగాణ ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ కాలంలో సభలు మొదలయ్యే పాట. 2024 జూన్ 2న ఎం.ఎం. కీరవాణి సంగీతంతో అది రాష్ట్ర గీతంగా వచ్చింది. నిడివి కుదించిన రూపం, పూర్తి రూపం రెండూ తయారయ్యాయి. మైదానంలో తోచినంతసేపు పాడుకున్న పాట ప్రభుత్వ కార్యక్రమంలో నిలబడి పాడే గీతం కావాలంటే కొలత తప్పదు. ఆ ఉద్యమంలోనే 2002లో మొదలైన ధూం ధాం వేదికలు ఒక తరం పాటగాళ్లను తయారుచేశాయి. ఒకే రాత్రి పదిమంది కవులు వరసగా పాడే చోట ఎవరి పల్లవి నిలుస్తుందో తెల్లారేసరికి తేలిపోయేది.

రేడియో గీతం

ఉద్యమ పాటకు పూర్తిగా భిన్నమైన దారి ఆకాశవాణిది. మద్రాసు కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948లో ప్రసారాలు మొదలుపెట్టాయి. నిలయ కళాకారులు, వీణ, వేణువు, వయొలిన్, తబలాలతో చిన్న వాద్యబృందం, నిమిషాల లెక్కన నిడివి. ఇక్కడ మాట ముందు వచ్చేది. దేవులపల్లి కృష్ణశాస్త్రి వంటి కవుల గీతం కాగితం మీద సిద్ధమయ్యాక స్వరకర్త దాన్ని విప్పి చూసేవాడు. భాష సంస్కారవంతంగా, భావం మెత్తగా ఉండేది. ప్రైవేటు పాటలంటూ గ్రామఫోను రికార్డులిచ్చిన సాలూరి రాజేశ్వరరావు లలిత సంగీతానికి చూపిన వరవడి కూడా దీనికి తోడైంది.

ఈ ప్రపంచంలో మాతువు, ధాతువు రెండూ చేతిలో ఉన్నవాడు బాలాంత్రపు రజనీకాంతరావు (1920–2018). స్వాతంత్ర్యం వచ్చిన వేళ మద్రాసు కేంద్రం నుంచి టంగుటూరి సూర్యకుమారి పాడిన మాదీ స్వతంత్ర దేశం ఆయన కట్టినదే. ఆయన ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము 1961లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. పాట కట్టే మనిషే పాట కట్టినవాళ్ల చరిత్రా రాయడం తెలుగులో అరుదు. రేడియో పాట నేర్పే కార్యక్రమాల్లో ఒక్కో పాదం నిదానంగా చెబుతుంటే శ్రోతలు నోటు పుస్తకాల్లో రాసుకుని నేర్చుకునేవారు. అందువల్ల ఆ పాటల్లో స్వరం వంపులు నేర్పగలిగినంత స్పష్టంగా ఉంటాయి.

క్యాసెట్టు నుంచి ఫోను దాకా

రికార్డింగు యంత్రం ఇంట్లోకి రావడం స్వతంత్ర రచనను మార్చేసింది. 1979లో టీయాక్ కంపెనీ మామూలు క్యాసెట్టు మీద నాలుగు ట్రాకులు రికార్డు చేసే చిన్న యంత్రం తెచ్చింది. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982లో న్యూజెర్సీలో అద్దె ఇంట్లో దానిమీద నమూనాగా పాడుకున్న పాటలకు తర్వాత వాద్యబృందంతో ఎంత ప్రయత్నించినా ఆ గాఢత రాకపోవడంతో, ఆ క్యాసెట్టే నెబ్రాస్కా ఆల్బమై బయటికొచ్చింది. తెలుగు నాట 1980లు, 90ల్లో క్యాసెట్టు చేసిన మేలు మరో రకం. ఉద్యమ పాటలు, అయ్యప్ప భజనలు, జానపద కథలు సినిమా కంపెనీల తోడు లేకుండా బస్టాండు దుకాణాల్లోంచి ఊళ్లకు చేరాయి. వరస పోతుందన్న అన్నమయ్య కాలపు దిగులు తీరింది.

2000లో స్మిత హాయ్ రబ్బాతో తెలుగు పాప్ ఆల్బముకు ఒక దారి పడింది. తర్వాతి దశాబ్దంలో యూట్యూబు ఆ దారిని ఊరూరికీ చేర్చింది. పాతబస్తీ గల్లీ భాషలో సొంత వీడియో పాటలు చేసుకున్న రాహుల్ సిప్లిగంజ్ 2023లో ఆస్కార్ వేదిక మీద కాలభైరవతో కలిసి పాడే దాకా వెళ్లాడు. 2021లో లక్ష్మణ్ రాసి, ఎస్.కె. బాజీ సంగీతంతో మోహన భోగరాజు పాడిన బుల్లెట్టు బండి పెళ్లి ఊరేగింపుల పాట అయింది. పెళ్లికూతురి గొంతులో సాగే ఆ పాట మోటారు సైకిలు చప్పుడునే దరువుగా పల్లవిలోకి తెచ్చుకుంది. రాము రాథోడ్ రాసి పాడిన రాను బొంబాయికి రాను 2025లో మోగని ఊరు లేదు. ఆడ, మగ గొంతుల సంవాదంగా నడిచే ఆ పాట కట్టుబడి చాలా పాతది. బొంబాయి వలస కూడా తెలంగాణ పాటకు పాత వస్తువే.

ఇప్పటి పాటగాడి చిత్తు పుస్తకం ఫోను. పొలంలోనో బండి మీదో తోచిన వరసను అందులో కూనిరాగంగా దాచుకుంటాడు. స్టూడియోలో కీబోర్డు వాయించే అతను దానికి టెంపో పెట్టి, లూపు వేసి, ట్రాకు తయారుచేస్తాడు. ఇక్కడ ఒక నష్టం జరుగుతోంది. కంప్యూటర్లో సులువుగా దొరికే లూపుల్లో ఎక్కువ భాగం నాలుగు దెబ్బలవి, కొన్ని ఆరువి. ఏడు మాత్రల మిశ్రం, ఐదు మాత్రల ఖండం ఆ గడుల్లో ఇమడవు. ఇమడ్చడానికి మూడు మాత్రల గణాన్ని ఒకటి సాగదీసి నాలుగు చేస్తారు. పైన చూసిన పాదం చెరువూ గట్టున అవుతుంది. అవ్వలు మిశ్రంలో పాడిన పాటలు మనవరాళ్ల వీడియోల్లో చతురశ్రంలోకి చదునైపోతున్నాయి. దరువు వాయించే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, లూపు లేకుండా ముందు గొంతూ డప్పూ రికార్డు చేసుకునేవాళ్లు దీన్నుంచి తప్పించుకుంటున్నారు. వాళ్లు కొద్దిమందే.

రీళ్లలో తిరగడానికి పనికొచ్చే హుక్ లైను మొదటి అర నిమిషంలోనే రావాలన్న ఒత్తిడి కూడా ఉంది. ఎత్తుగడలో పల్లవి రావడం జానపదానికి కొత్తకాదు గనక దానివల్ల పెద్ద చెడు లేదు. చెడు జరుగుతున్నది చరణాల దగ్గర. ఎవరూ చివరిదాకా వినరనే అంచనాతో రెండో చరణం మొదటిదానికి నకలు అయిపోతోంది.

పని విభజన, హక్కులు

యూట్యూబు జానపదం సినిమా నుంచి స్వతంత్రమే. అయితే అందులోనూ రాసేది ఒకరు, పాడేది ఒకరు, సంగీతం ఒకరు, డాన్సు ఒకరు, పెట్టుబడి చానెల్ యజమానిది. చాలాసార్లు కవికి ఒక మొత్తం ముట్టజెప్పి పాటను చానెల్ పేరున రాయించుకుంటారు. అంటే స్వతంత్రం చానెల్‌కు వచ్చింది, కవికి రాలేదు.

చట్టం ఈ విషయంలో కవి పక్షానే ఉంది. 1957 కాపీరైటు చట్టానికి 2012లో వచ్చిన సవరణ ప్రకారం, సౌండ్ రికార్డింగులో చేరిన పాటకు వచ్చే రాయల్టీలో రచయితకు, స్వరకర్తకు హక్కుదారుతో సమానంగా వాటా ఉంటుంది. ఆ వాటాను తమ వారసులకో, కాపీరైటు సొసైటీకో తప్ప మరెవరికీ రాసివ్వడం చెల్లదు. ఇది సినిమా పాటలకే అనుకుంటారు, సినిమా బయటి పాటకూ వర్తిస్తుంది. ఆ డబ్బు వసూలు చేసి పంచే సంస్థ 1969లో ఏర్పడిన ఐపీఆర్ఎస్. అందులో సభ్యత్వం లేకపోతే వాటా ఉండీ చేతికి రావడం కష్టం. ఒప్పందం రాతలో ఉండాలి. ఎన్నేళ్లకు ఇచ్చారో రాయకపోతే ఐదేళ్లకే ఇచ్చినట్టు, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికి మాత్రమే ఇచ్చినట్టు చట్టం భావిస్తుంది. రచయిత బతికినంతకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు సాహిత్యం మీద హక్కు ఉంటుంది.

ఊరి వరస సంగతి దీనికి భిన్నం. తరతరాలుగా పాడుతున్న వరస ఎవరి సొత్తూ కాదు. దానిమీద కొత్తగా కట్టిన మాటలు కట్టినవాడివి. పాత మాటలూ కొత్త మాటలూ కలిసిపోయిన పాటల దగ్గరే పేచీ వస్తుంది. 2021లో లవ్ స్టోరీ సినిమా కోసం సుద్దాల అశోక్ తేజ సారంగ దరియాను తిరగరాసినప్పుడు, ఆ జానపదాన్ని అంతకుముందే సేకరించి వేదిక మీద పాడిన గాయని తనకు గుర్తింపు ఏదని అడిగింది. సేకరించిన మనిషిని చట్టం రచయితగా చూడదు. అవ్వల దగ్గర కూర్చుని పాదం పాదం రాబట్టి, చెదిరిన చరణాలు ఒక వరసలో పెట్టడం వెనక ఎంత శ్రమ ఉందో ఆ పని చేసినవాళ్లకు తెలుసు. ఇప్పుడు చాలా చానెళ్లు వీడియో కింద రచన, సంగీతం పేర్ల పక్కన సేకరణ అని మరో పేరు కూడా వేస్తున్నాయి. కొన్ని చానెళ్లు పాట ఏ ఊరి నుంచి వచ్చిందో కూడా రాస్తున్నాయి.